కంటితడి – వేకువనొప్పి



కృష్ణానది పులిగడ్డకడ రెండు పాయలై చీలి సముద్రమువైపు సాగుచున్నది. ఆ చేరువనే మా మోపిదేవి. ఎటు చూచినను కాలువలు, బోదెలు, చెరువులు, వరిమళ్లు. ఇట్టి నీటిసీమలో నివసించువాడు “నా కన్నులెండినవి” అన్నచో వినువారికి నవ్వు వచ్చును. కాని పొలమునకు కాలువనీ రెంత ముఖ్యమో కంటికి కన్నీరంత ముఖ్యము. కాలువ నిండుగా పారుచున్నను బోదె పూడిన మడి యెండిపోవుట మన మెరుగుదుము. కన్ను కూడ నట్లే యెండవచ్చును.

నేడు నేను రెండు నేత్రబాధలను గూర్చి చెప్పదలచితిని. మొదటిది కంటితడి యారుట. రెండవది నల్లగ్రుడ్డుపైనున్న పలుచని పొర మరలమరల ఊడుట. ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్న నాకు వైద్యమున నధికారము లేదు. అయినను నాలుగేండ్లుగా ఈ రెండును నాకు సహవాసులై యున్నవి. వైద్యులు చెప్పినది విని, దొరికిన గ్రంథములు చదివి, తెలిసికొన్నంతవరకు మనవి చేసెదను. ఇట్టి బాధగలవారు మనలో ననేకులు. వారిలో పెక్కురు నొప్పి తగ్గగానే రోగము తీరినదనుకొందురు. ఆ తలపే ఈ రోగమునకు బలము.

సుశ్రుతసంహితయందలి ఉత్తరతంత్రము నేత్రమునందు అయిదు మండలములను చెప్పినది. వెండ్రుకలు పక్ష్మమండలము, రెప్పలు వర్త్మమండలము, తెల్లగ్రుడ్డు శ్వేతమండలము, నల్లగ్రుడ్డు కృష్ణమండలము, నడుమ చూపుండు తావు దృష్టిమండలము. అందు చెప్పబడిన నేత్రరోగములు 76. వానిలో శుష్కాక్షిపాక మనునది యొకటి. రెప్పలు గట్టిపడి గరుకుదేరుట, కన్ను తెరచుట కష్టమగుట, చూపు మసకబారుట దాని లక్షణములు. పేరునందే ‘శుష్క’శబ్దమున్నది. ప్రాచీనులు లక్షణమును చక్కగా గుర్తించిరి. సూక్ష్మదర్శని వచ్చిన తరువాతివారు కారణమును వెదకి పట్టిరి. ఎవరి గౌరవము వారికి చెల్లింతము.

నల్లగ్రుడ్డు నిజమునకు నలుపు కాదు. దానిముందు గడియారపు అద్దమువలె స్వచ్ఛమైన పొర యొకటి యున్నది. వైద్యులు దానిని కార్నియా యందురు. దాని నడుమ మందము సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. వెలుతురు చొరవలసిన ద్వారము కావున ప్రకృతి యందు రక్తనాళములను పెట్టలేదు. దానికి కావలసిన ప్రాణవాయువు చాలవరకు బయటిగాలినుండి కన్నీటిద్వారా చేరును. రక్తనాళములు లేకున్నను అందలి నాడులు మాత్రము మిక్కిలి దట్టము. చర్మమునందలి నాడులకంటె కొన్ని వందలరెట్లు దట్టమని చెప్పుదురు. ఇసుకరేణువంత గాయమునకు ఏనుగంత నొప్పి పుట్టుట కిదియే కారణము.

ఈ కార్నియాకు మీద అయిదు మొదలు ఏడు వరుసల కణములతో నేసిన పైపొర యొకటి గలదు. దాని మందము మిల్లీమీటరులో ఇరువదవ వంతు. పాతకణములు రాలిపోవుచు, క్రొత్తవి పుట్టుచు, వారము పదిదినములలో ఆ పొర యంతయు నూతనమగుచుండును. ఆ పైపొర తన క్రిందనున్న పునాదిని సన్నని కొక్కెములవంటి కట్టులతో పట్టుకొనియుండును. ఈ కట్టులను శ్రోతలు జ్ఞాపకమందుంచుకొన గోరెదను. రెండవబాధకు మూలమంతయు వీనియందే యున్నది.

ఇక కన్నీటి సంగతి. దుఃఖము కలిగినపుడు జాలువారునదే కన్నీరని మన మనుకొందుము. నిఘంటువు దానికి నేత్రాంబువని పేరుపెట్టినది. నేత్రాంబువు ఎల్లవేళల కంటిపై పరచుకొనియుండు తడి. దాని మందము మిల్లీమీటరులో మూడువందలవ వంతు మాత్రమే. అంత పలుచని తడియందును మూడు పదార్థములు గలవు. క్రింద జిగురు, అది తడిని కంటికి అంటియుండజేయును. నడుమ నీరు, దానిని కంటి పైభాగమునందలి గ్రంథులు ఊరించును. మీద నూనె, అది నీటిని గాలికి ఆవిరిగాకుండ కాపాడును. ఈ నూనెను పుట్టించు గ్రంథులు రెప్పల అంచులలో వరుసదీరి యున్నవి. వానిని 1666లో జర్మను వైద్యుడు హైన్రిక్ మైబోమ్ వర్ణించినందున మైబోమియన్ గ్రంథులని పేరు వచ్చినది.

నీరు తక్కువగుట ఒక విధమైన పొడికన్ను. నీరున్నను నూనె తక్కువై త్వరగా ఆవిరియగుట మరియొక విధము. ఈ రెండవదే యెక్కువమందికి గలుగును. ఇందొక వింత గలదు. కన్నెండినవానికే ఒక్కొక్కప్పుడు ధారగా నీరు కారును. తడి యారి నాడులు మండగా, ఆ మంట నార్పుటకై కన్ను ఒక్కమారుగా నీరు విడుచును. నూనె చాలని ఆ నీరు నిలువక చెంపలపై జారును. కావున “నా కంట నీరు కారుచున్నది, పొడికన్నెట్లగును?” అని యెవరును వాదింపరాదు.

ఈ తడిని కంటినిండ పరచు పనివాడు రెప్ప. వసిష్ఠుని శాపమున దేహము విడిచిన నిమిచక్రవర్తి మరల దేహమును కోరక ప్రాణుల రెప్పలయందు నివసించెనని పురాణకథ. దేవతలు రెప్పవేయరు కావున అనిమిషులైరి. దమయంతి స్వయంవరమున నలుని రూపముదాల్చిన దేవతలనుండి అసలు నలుని వేరుపరచిన గుర్తులలో రెప్పపాటొకటి. మానవుడు సామాన్యముగా నిమిషమునకు పదిహేనుమారులు రెప్పవేయును. పుస్తకము చదువునపుడు, సెల్‌ఫోను చూచునపుడు ఆ సంఖ్య సగమునకో, అంతకంటె తక్కువకో పడిపోవును. చూపు నిలిపినకొలది రెప్ప మరచిపోవును, తడి యారిపోవును. సన్నపని చేయువారి కందరికి ఈ యిబ్బంది గలదు. పెడనలో కలంకారీ అద్దకమునకు వంగి కూర్చుండువారు, చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలకు రాళ్లు పొదుగువారు, దర్జీలు, లెక్కలు వ్రాయువారు, రాత్రివేళ ఫోను వదలని మన మనుమలు, వీరందరును తెలియకయే అనిమిషులగుచున్నారు.

తడి యారుటకు ఇతరకారణములును గలవు. వయసు ముఖ్యకారణము. ఋతువు నిలిచిన స్త్రీలకు ఈ బాధ పురుషులకంటె నెక్కువ. జలుబునకు వాడు కొన్ని మాత్రలు, మనోవ్యాధులకు వాడు కొన్ని మందులు కన్నీటిని తగ్గించును. పొయ్యిపొగ, పొగాకుపొగ, ముఖమునకు సూటిగా కొట్టు పంకాగాలి, చల్లని యంత్రముల గది, వైశాఖమాసపు వడగాలి, ఇవియన్నియు తడిని హరించునవే. కీళ్లనొప్పులతో పాటు నోరును కన్నులును ఎండిపోవు వ్యాధిని స్వీడను వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో వివరించెను. అట్టి లక్షణములున్నవారు కంటిచుక్కలతో సరిపెట్టుకొనక దేహమంతటిని పరీక్ష చేయించుకొనవలెను. పసిపిల్లలకు ఏ విటమిను చాలక రేచీకటి వచ్చి కన్నులెండుట వేరు. అది చూపునే హరించు ప్రమాదము. మునగాకు, తోటకూర, గ్రుడ్డు, పాలు, మామిడిపండు దానికి రక్ష. భారతప్రభుత్వము 1970లో ఆ విటమిను మందును పిల్లలకు పోయించు కార్యక్రమము నారంభించినది.

తడిని కొలుచుటకు తేలికపరీక్ష యొకటి గలదు. దానిని 1903లో ఒట్టో షిర్మెర్ అను వైద్యుడు ఏర్పరచెను. సన్నని కాగితపుముక్క చివరను క్రిందిరెప్పలోపల తగిలించి అయిదు నిమిషములుంతురు. తడి కాగితముపై ఎంతదూరము ప్రాకినదో కొలుతురు. పది మిల్లీమీటరులు దాటినచో సామాన్యముగా మేలు. అయిదునకు మించనిచో నీరు మిక్కిలి తక్కువయని యర్థము. నాకు నాలుగు వచ్చినది. నూరుమార్కులకు నాలుగు తెచ్చుకొన్న విద్యార్థివలె నేను వైద్యునియెదుట కూర్చుంటిని. మరియొక పరీక్షలో ఫ్లోరసీన్ అను పసుపురంగును కంటివేసి నీలికాంతిలో చూతురు. పైపొర లేచినచోటు పచ్చగా మెరయును. కంటికి కనరాని గాయమును రంగు పట్టియిచ్చును.

ఇక రెండవ బాధ. పసిబిడ్డ గోరు, కాగితపు అంచు, చెట్టురెమ్మ, వరియాకు, చెరకాకు, వీనిలో ఏదో యొకటి కార్నియాపై గీరును. పైపొర కొంత లేచిపోవును. నొప్పి, నీరు, వెలుతురు చూడలేకుండుట కలుగును. ప్రకృతి దయగలది, చుట్టునున్న కణములు జరిగివచ్చి, రెండుమూడు దినములలో ఆ గాయమును కప్పివేయును. నొప్పి పోవును. రోగి సంతోషించును.

ఇక్కడనే రైతుసోదరులకు తెలిసిన సంగతి నొకటి పోలికగా చెప్పెదను. నారుపీకి మడిలో నాటిన దినముననే మడి పచ్చగా కనబడును. దూరమునుండి చూచువాడు పైరు నిలిచినదనుకొనును. కాని వేరు పట్టి మూన తిరుగుటకు దినములు కావలెను. ఆలోపల కొంగ త్రొక్కినను, నీటిపోటు తగిలినను మొక్క లేచివచ్చును. కార్నియా పైపొరయు నట్లే. కప్పుటకు రెండుమూడు దినములు చాలును. కాని క్రింది పునాదిని పట్టుకొను కట్టులు గట్టిపడుటకు వారములు, ఒక్కొక్కప్పుడు మూడునెలలును అంతకు మించియు పట్టును. ఆ నడిమికాలమున పొర యున్నదే కాని పట్టు లేదు.

రాత్రి నిద్రలో కన్నీ రూరుట తగ్గును. మూసిన రెప్పక్రింద గాలి తగులక పైపొర కొంచె ముబ్బును. తడి చాలనిచో రెప్పలోపలి భాగము ఆ పొరకు అంటుకొనును. తెల్లవారుజామున కన్ను తటాలున తెరచునప్పటికి రెప్ప పైకి లేచుచు పట్టులేని పొరను తనతో నూడ్చుకొనిపోవును. నిద్రనుండి మేల్కాంచుటయే కత్తిపోటుతో మేల్కాంచుటయగును. దీనిని హాన్సెన్ అను వైద్యుడు 1872లోనే వర్ణించెను. కొందరికి గాయమే లేకున్నను పునాది పుట్టుకనుండి సరిగా కుదరక ఈ బాధ కలుగును. అట్టివారి కార్నియాపై పటములవంటి, చుక్కలవంటి, వ్రేలిముద్రలవంటి గుర్తులు వైద్యునికి కనబడును. మధుమేహము గలవారికిని ఈ పట్టు బలహీనముగా నుండును.

నాకు గాయము చేసినవాడు ఏడాది నిండని మనుమడు. చంకనెత్తుకొనగా వాని గోరు కుడికంట తగిలినది. మూడవదినమునకు నొప్పి పూర్తిగా పోయినది. రెండునెలల తరువాత నొక వేకువజామున, సుబ్రహ్మణ్యేశ్వరుని గుడిలో గంట మ్రోగువేళ, ఎవరో కంటిలో మిరపపొడి చల్లినట్లు మేల్కొంటిని. గదిలో నేనొక్కడనే. అప్పటినుండి పదిదినములకో, నెలకో అట్లే జరిగెను. రాత్రి పండుకొనుటకే భయము పుట్టెను. ఈ రోగమునందలి దుఃఖము నొప్పి మాత్రమే కాదు. నొప్పి యెప్పుడు వచ్చునో తెలియకుండుట. నిద్ర విశ్రాంతి గాక పరీక్షయగుట. ఇంటివారికి మధ్యాహ్నమునకు కన్ను తెల్లగా, చక్కగా కనబడును. “ఏమియు లేదు గదా” యందురు. వారిని తప్పుపట్టరాదు, రంగువేసి చూచినదాక వైద్యునికిని అది సులభముగా కనబడదు.

దీనికి చికిత్స మెట్టుమెట్టుగా నున్నది. మొదటిమెట్టు తడి. పగలు కృత్రిమపు కన్నీటి చుక్కలు, రాత్రి పండుకొనుముందు జిడ్డుగల లేపనము. చుక్కలు దినమునకు నాలుగుమారులకంటె ఎక్కువ వేసికొనువారు, మందు చెడకుండ కలుపు రసాయనము లేని చుక్కలను అడుగవలెను. ఏలయనగా ఆ రసాయనము పలుమారులు తగిలినచో పైపొరనే బాధించును. పైపొర యుబ్బు తగ్గుటకు నూటికి అయిదుపాళ్ల ఉప్పుగల లేపనమును కొందరికి వ్రాయుదురు. ఇది మందుగా, శుద్ధిగా తయారైనది. వంటింటి ఉప్పు కాదు.

రెండవమెట్టున, పొర పెద్దగా లేచినపుడు, కట్టువలె పనిచేయు మెత్తని కంటిబిళ్లను కార్నియాపై కొన్నివారము లుంతురు. రెప్పకును పొరకును నడుమ అది తెరవలె నిలుచును. డాక్సీసైక్లిన్ మాత్రలను కొందరికి కొంతకాల మిత్తురు. కట్టులను కరగించు పదార్థమును అవి అణచును. వీనికిని లొంగనిచో మూడవమెట్టు. పట్టులేని పొరను తీసివేసి పునాదిని వజ్రపుపొడి తాపిన చిన్న యంత్రముతో మెరుగుపెట్టుదురు. లేదా చూపునకు అడ్డురాని తావున సూదిమొనతో చిన్నచిన్న చుక్కలు పొడిచి, మానునపుడు పొర అచ్చట అతుకుకొనునట్లు చేయుదురు. లేదా లేజరుకాంతితో పునాదిపైని అతిస్వల్పభాగమును తొలగింతురు. ఎవరికేది తగునో నిర్ణయించువాడు వైద్యుడు. నాకు మొదటిమెట్టును, ఒకమారు కంటిబిళ్లయు సరిపోయినవి.

ఇంటిపట్టున పాటింపదగిన నియమములు కొన్ని గలవు. రాత్రి లేపనమును నొప్పిలేని దినములలోను మానరాదు. ఎంతకాలమనగా, చివరి నొప్పి వచ్చిన తరువాత కనీసము మూడునెలలు. వైద్యుడు ఇంకను పొమ్మన్నచో ఇంకను. వేకువను మేల్కొనగానే కన్ను తెరువరాదు. మూసిన రెప్పలక్రింద గ్రుడ్డును మెల్లగా అటునిటు కదలించి, రెప్పలమీద వ్రేలితో నలుపక, చుక్కలసీసాను చేతికందునట్లుంచుకొని, కంటి లోమూలయందు ఒక చుక్క వేసి, అది లోనికి జారిన పిమ్మట నెమ్మదిగా తెరువవలెను. తలగడప్రక్కన సీసాయుండుట నా గదిలో దీపముండుటవంటి నియమమైనది.

నూనెగ్రంథులు మూసికొనినవారు గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డను మూసిన రెప్పలపై అయిదుపది నిమిషము లుంచి, రెప్పల అంచులను మెల్లగా తుడువవలెను. పంకాగాలి ముఖమునకు సూటిగా రానీయరాదు. చదువునపుడు పుటకొకమారు కన్నులు పూర్తిగా మూసి తెరువవలెను. వెలుపలికి పోవునపుడు, ముఖ్యముగా మోటారుసైకిలుపై, కంటద్దములు ధరింపవలెను. కన్ను నలుపుకొను అలవాటును విడువవలెను. ఇవి చిన్నపనులు. కాని పెద్దచికిత్సను తప్పించునవి ఇట్టి చిన్నపనులే.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక. పొర ఊడుట వేరు, పుండు పట్టుట వేరు. కార్తీక మార్గశీర్షములలో కోతలు, నూర్పిళ్లు సాగునపుడు కళ్లములో ఊక, వరిముల్లు కంటబడుట మాసీమలో సామాన్యము. ఆ గాయమున బూజుజాతి సూక్ష్మజీవులు ప్రవేశించినచో పుండు పట్టి చూపు పోవును. కంట తెల్లని మచ్చ కనబడినను, చీమువంటి పుసి వచ్చినను, నొప్పి గంటగంటకు హెచ్చినను, చూపు తగ్గినను, ఆ దినముననే కంటివైద్యుని చేరవలెను. మరుసటిదిన మనరాదు. మాప్రాంతపు రైతొకడు ఊకపడిన కంటికి మందులకొట్టులో అడిగి తెచ్చుకొన్న చుక్కలు పదిదినములు వేసికొనెను. అందు స్టెరాయి డుండెను. ఎరుపు తగ్గినది, బూజు పెరిగినది. నేడతని కంట తెల్లని పువ్వు నిలిచినది. స్టెరాయిడు మంచిమందే, వైద్యుని చేతిలో. బూజుపుండుపై అది ఎండుగడ్డిపై నిప్పు. అట్లే నొప్పి తెలియనీయని మత్తుచుక్కలు పరీక్షకే కాని యింటివాడుకకు కావు. అవి మాన్పును ఆపి కన్నును చెరుచును.

ఆకుపసరు, చనుబాలు, ఆముదము, తేనె, నాలుకతో నలుసు తీయించుట, ఇవి ఆప్యాయముతో జరుగు పనులే. కాని గాయపడిన కంటిలో శుద్ధిచేయని దేదియు పడరాదు. నందివర్ధనపు పూవును మూసిన రెప్పపై నుంచుకొని చల్లదనము పొందువారిని నేను వారింపను. గాయపు కంటిలోనికి మాత్రము దేనిని పిండనీయను. సుబ్రహ్మణ్యేశ్వరునకు మ్రొక్కుకొనువారు మ్రొక్కుకొందురు గాక. మ్రొక్కు కంటివైద్యునియొద్దకు పోవు దారికి అడ్డుగాదు.

మన కృష్ణామండలమున పుట్టిన డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు కార్నియావైద్యమున ప్రత్యేకకృషి చేసినవారు. ఆయన 1987లో హైదరాబాదున ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థను స్థాపించిరి. ఆ సంస్థ 2011లో విజయవాడ చేరువనున్న తాడిగడపలోను ఆసుపత్రి తెరచినది. మచిలీపట్టణము, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతములవారు పోయి వచ్చుటకు అది దవ్వు గాదు. సమీపమున కంటివైద్యుడున్నచో మొదట ఆయనయొద్దకే పోవచ్చును. ఎచ్చటికి పోయినను “వేకువను మేల్కొనగానే నొప్పి పుట్టుచున్నది” యను మాటను మరువక చెప్పవలెను. రోగమును పట్టియిచ్చు మాట అదియే.

మిక్కిలి ప్రేమించువారిని కంటికి రెప్పవలె కాపాడుట యని మన భాషలో నొక పలుకుబడి గలదు. ఆ రెప్పయే తడిలేనిచో కంటిపొరను ఊడ్చును. దానిదోష మేమియు లేదు. రక్షించువానికిని రక్షింపబడువానికిని నడుమ కొంత చెమ్మ యుండవలెను. ఆ చెమ్మను నిలుపుటయే మన పని. నొప్పి లేని రాత్రి లేపనము వేసికొనుట వ్యర్థమని తోచినపుడు, నాటిన మడిని తలచుకొనుడు. పచ్చగా కనబడిన దినముననే రైతు కాలువకు అడ్డకట్ట వేయడు. వేరు పట్టినదాక నీరు పెట్టును.

సెలవు.